నీళ్లు కాపాడమని మాకు చెప్పేముందు

ఏటా మార్చి 22 దగ్గర పడుతుంటే మా బడులన్నిటికీ ఒకే మెసేజ్ వస్తుంది. ప్రపంచ జల దినోత్సవం జరపండి, పిల్లలతో బొమ్మలు వేయించండి, ప్రతిజ్ఞ చేయించండి, ఫొటోలు సాయంత్రంలోగా గ్రూపులో పెట్టండి. జూన్ 5 పర్యావరణ దినోత్సవం ఎండాకాలం సెలవుల్లో పడుతుంది, అయినా ఫొటో కావాలంటారు. పిల్లలు డ్రాయింగ్ షీటు మీద నల్లా గీస్తారు. నల్లా నుంచి కారే చుక్క గీసి, దానికి కళ్లు పెట్టి ఏడిపిస్తారు. కొందరు సముద్రం గీసి తాబేలు మెడకు ప్లాస్టిక్ కవరు చుడతారు. ఆ గీసిన పిల్ల సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. వాళ్ల అవ్వ మాత్రం ఎండిన వాగులో ఇసుక తోడి, చెలిమె ఊరేదాకా కూర్చొని, చిప్పతో బిందె నింపుకున్న మనిషి. ఆ చెలిమెను గీయమని ఏ మెసేజూ అడగదు.

బొమ్మలకు మేం వ్యతిరేకం కాదు. పిల్లలకు రంగులంటే ఇష్టం, వేయనీయండి. మా పేచీ ఆ బొమ్మలో లేనిదాని గురించి. నల్లా ఉంటుంది, నల్లా వెనక పైపు ఉండదు. ఆ పైపు ఎక్కడ మొదలైంది, ఎవరి తండా పక్క నుంచి పోయింది, ఎవరింటికి చేరింది, అక్కడ మురికై మళ్లీ ఎవరి పొలంలోకి పారింది, ఇవేవీ ఉండవు. తప్పంతా నల్లా కట్టేయని పిల్లదే అయినట్టు ఉంటుంది. నీళ్ల గురించి, అడవి గురించి, సముద్రం గురించి, వాతావరణం గురించి ఇవాళ జరుగుతున్న ప్రచారంలో ఎక్కువ భాగం ఈ బొమ్మలాంటిదే అని మేమంటున్నాం. రుజువులకు దూరం పోనక్కర్లేదు. నందికొండ చుట్టూ అరవై కిలోమీటర్లు తిరిగితే చాలు.

మేమంటే ఎవరం? చెంచు పెంటల నుంచి, లంబాడి తండాల నుంచి, ఎరుకల వాడల నుంచి వచ్చి, డీఎడ్ చేసి, మా ఊళ్లలాంటి ఊళ్లలోనే పాఠాలు చెబుతున్నవాళ్లం. జాబితాలో ఎవరికెంత అన్న కొట్లాటలు మా మధ్య ఉన్నాయి. వాటిని ఇంకోచోట తేల్చుకుందాం. నీళ్ల దగ్గర మాత్రం మా అందరి కష్టం ఒకటే.

ముందు ఆ పైపు సంగతి. నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా డ్యాం కట్టడానికి 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ, కుడి కాలువ రెండూ దిగువకు పోయాయి. డ్యాం ఉన్నది మా గడ్డ మీద, కానీ మా గడ్డ కాలువ కన్నా ఎత్తు. దేవరకొండ వైపు తండాలకు కాలువ నీళ్లు ఎక్కవు. ఎక్కించాలంటే మోటార్లు కావాలి. ఆ మోటార్లు చాలా ఏళ్ల తర్వాత పుట్టంగండి దగ్గర పెట్టారు. అక్కడి నుంచి నీళ్లు అక్కంపల్లి రిజర్వాయరుకు, కోదండాపురంలో శుద్ధి అయి హైదరాబాద్‌కు. 2004లో మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. మూడూ కలిపి రోజుకు 27 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 122 కోట్ల లీటర్లు. పట్నం బతకాలి, అక్కడా మా పిల్లలే చదువుకుంటున్నారు, కూలి చేస్తున్నారు. ఆ నీళ్లు పోవద్దని మేం అనడం లేదు. తర్వాత జరిగేది చూడమంటున్నాం.

అలా పోయిన నీళ్లలో పెద్ద భాగం మురికై, ఫ్యాక్టరీల నీళ్లు కూడా కలుపుకొని మూసీలో పడుతుంది. మూసీ భువనగిరి వైపు నుంచి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల మీదుగా నురగ కక్కుకుంటూ వచ్చి వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలో కలుస్తుంది. నందికొండ ఎగువన తెల్లగా ఎక్కిన నీళ్లు నందికొండ దిగువన నల్లగా దిగుతాయి. వాడపల్లి నుంచి పులిచింతల, విజయవాడ బ్యారేజీ, ఆ కింద హంసలదీవి, సముద్రం. తాబేలు మెడకు చుట్టుకున్న కవరు గురించి మా పిల్లకు చెప్పేముందు ఈ దారి గురించి చెప్పండి. సముద్రాన్ని పాడుచేసేది సముద్రం దగ్గర మొదలుకాదు. మా మూడో తరగతి పిల్ల నల్లా కట్టేసినా, కట్టేయకపోయినా ఆ నురగలో ఒక్క బుడగ తగ్గదు.

ఇంకో సంగతి కూడా సముద్రానికి సంబంధించినదే. సాగర్ కట్టినప్పుడు దానిలో 408 టీఎంసీల నీళ్లు పట్టేవి. ఇప్పుడు 312 పడుతున్నాయి. మిగతా జాగాలో ఒండ్రు కూర్చుంది. అది నదితోపాటు పోయి దివిసీమ ఒడ్డుకు చేరాల్సిన మట్టి. డ్యాం వెనక ఆగిపోయింది. కింద డెల్టా అంచును అలలు కొరుకుతుంటే, పైన మాకు మొక్కలు నాటమని చెబుతున్నారు. నాటుతాం. కానీ నది మొత్తాన్ని ఒక్క వస్తువుగా చూడని ప్రచారం ఎవరిని కాపాడుతుంది?

ఈ జిల్లాకు నీళ్ల పోరాటం కొత్త కాదని మన పిల్లలకు తెలియదు. నల్లగొండ పేరు మీద ఒక శాస్త్ర పద్ధతి ఉంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970ల్లో తయారుచేసింది. నీళ్లలో పటిక, సున్నం కలిపి, తిప్పి, తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి. దేశదేశాల పుస్తకాల్లో దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అంటారు. జబ్బు మాది, పేరు మాది, మర్రిగూడ, నాంపల్లి వైపు వంగిన ఎముకలు మావే. పద్ధతి పుస్తకంలోకి ఎక్కిన తర్వాత కూడా కృష్ణ నీళ్ల కోసం జనం రోడ్డెక్కాల్సి వచ్చింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడింది. అది మా ప్రాంతం చేసిన పర్యావరణ ప్రచారం. దానికి డ్రాయింగ్ షీటు అక్కర్లేకపోయింది. ఆ ఏడాదే డిపాజిట్ పెంచుతూ చట్టం మార్చారు. ఎస్సీ, ఎస్టీలకు 250 రూపాయలున్నది 5,000 అయింది. బీదవాడు ఒక దారి కనిపెడితే ఆ దారికి గేటు పెట్టడం ఎంత త్వరగా జరుగుతుందో ఇక్కడ గమనించండి. ఈ మాట మళ్లీ కింద అవసరమవుతుంది.

ఇప్పుడు అసలు కథ, లంబాపూర్, పెద్దగట్టు. సాగర్ జలాశయం అంచున, కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లు. వాటి కింద యురేనియం ఉందని తేల్చారు. లంబాపూర్‌లో ఉపరితల గని, పెద్దగట్టులో భూగర్భ గనులు తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ వచ్చింది. శుద్ధి కర్మాగారం మొదట మల్లాపురం అన్నారు, తర్వాత దేవరకొండ దగ్గర శేరిపల్లి అన్నారు. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అప్పటికి మాలో చాలామందిమి ట్రైనింగ్ పూర్తి చేసి డీఎస్సీ కోసం చూస్తున్న వయసులో ఉన్నాం. ఆ రోజుల్లో తండాల్లో జరిగిన చర్చను ఇవాళ్టి యువకులు వినాలి. ఎందుకంటే అక్కడ అందరూ ఒకే మాట మీద లేరు. ఉద్యోగం వస్తే పూణే, బొంబాయి వలస తప్పుతుందని ఆశపడ్డవాళ్లున్నారు. వాళ్లను ద్రోహులనడానికి మాకు నోరు రాదు. వానమీద ఆధారపడ్డ రెండెకరాల చెలకలో ఏముంటుందో మాకు తెలుసు. ఆ ఆశకు జవాబు చెప్పాల్సింది లెక్కతో.

ఆ లెక్క చిన్నదే. ఏడో తరగతి పిల్లకు అర్థమవుతుంది. మన దేశంలో దొరికే యురేనియం ఖనిజం చాలా పలచన. నూటికి పదో వంతు కూడా ఉండదు. అంటే వెయ్యి కిలోల రాయి తవ్వి, పిండి చేసి, ఆసిడ్లతోనో క్షారాలతోనో కడిగితే కిలో కూడా రాదు. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది కిలోలు బురదగా ఒక చెరువులో పోస్తారు. రాయిలో మొదట ఉన్న రేడియో ధార్మికతలో దాదాపు 85 శాతం ఆ బురదలోనే మిగిలిపోతుంది. అందులో ఉండే రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. కంపెనీ లీజు కొన్ని దశాబ్దాలు. ఉద్యోగం ఒక తరానికి. బురద యాభై అరవై తరాలకు. దాని పక్కనే సాగర్ నీళ్లు. ఈ లెక్క చూశాక కూడా ‘అభివృద్ధిని అడ్డుకుంటున్నారు’ అని మమ్మల్ని అనే పెద్దమనుషులు ఆ బురద చెరువు తమ కాలనీ పక్కన పెట్టించుకుంటారా?

జార్ఖండ్‌లోని జాదుగూడలో 1960ల నుంచి తవ్వుతున్నారు. అక్కడ హో, సంతాల్ ఆదివాసుల ఊళ్ల పక్కనే బురద చెరువులున్నాయి. మనకు దగ్గరలో కడప జిల్లా తుమ్మలపల్లె ఉంది. అక్కడి రైతులు బోర్లలో నీళ్లు మారిపోయాయని, అరటి తోటలు పాడయ్యాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. అది పెద్ద కులాల రైతులున్న ఊళ్ల సంగతి. వాళ్ల మాటే వినకపోతే తండా మాట ఎవరు వింటారు?

విన్నారు, ఒక కారణం మీద. శేరిపల్లి అక్కంపల్లి రిజర్వాయరుకు దగ్గర. అక్కంపల్లి నీళ్లు హైదరాబాద్ నల్లాల్లోకి పోతాయి. ఆ ముక్క బయటికి వచ్చాక పట్నంలో కదలిక పెరిగింది. శాస్త్రవేత్తలు, వైద్యులు, హక్కుల సంఘాలు ఊళ్లకొచ్చాయి. వాళ్లలో నిజాయితీగా తిరిగినవాళ్లున్నారు, తండాలో జొన్నరొట్టె తిని రాత్రి అక్కడే పండుకొని పొద్దున్నే మళ్లీ ఇంకో ఊరు నడిచినవాళ్లున్నారు. వాళ్లకు మేం రుణపడి ఉన్నాం. అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఆ నీళ్లు పట్నానికి పోకుండా తండాలకే పోతే ఎంతమంది వచ్చేవారు?

ఇరవై ఏళ్లు దాటింది. లంబాపూర్‌లో ఇప్పటికీ గని తవ్వలేదు. ఆ ఇరవై ఏళ్లూ హైదరాబాద్ తాగిన కృష్ణ నీళ్లను ఎవరు కాపాడారు? ఏ అవార్డుల సభలోనైనా ఆ తండాల పేరు విన్నారా?

2019లో ఇదే కథ నల్లమలలో తిరిగి వచ్చింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం అన్వేషణ చేయడానికి కేంద్ర అటవీ సలహా కమిటీ మే నెలలో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అన్వేషణ అంటే అడవిలో నాలుగు వేల దాకా బోర్లు, వాటికి దారులు, లారీలు. అమ్రాబాద్, పదర మండలాల్లో జనం రోడ్డుమీద కూర్చున్నారు, బంద్‌లు చేశారు, ఊళ్లలోకి ఎవరు వస్తున్నారో కాపు కాశారు. ఆ తర్వాత ఫోన్లలో ‘సేవ్ నల్లమల’ మొదలైంది. సినిమావాళ్లు మాట్లాడారు. సెప్టెంబర్ 16న శాసనసభ యురేనియం వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మంచిదే. సినిమావాళ్లు మాట్లాడినందుకు మాకు కోపం లేదు, వాళ్ల మాట పోయినంత దూరం మా మాట పోదు.

కానీ ఆ ప్రచారంలో తిరిగిన పోస్టర్లు గుర్తుచేసుకోండి. పులి ఉంది. జలపాతం ఉంది. నెమలి ఉంది. విల్లు పట్టుకొని, నడుముకు గుడ్డ కట్టుకొని ఒక చెంచు ముసలాయన కూడా ఉన్నాడు, జంతువుల వరసలోనే. ఆయన ఏమన్నాడో ఎక్కడా రాయలేదు. ‘ప్రకృతి బిడ్డలు’ అని మాత్రం రాశారు. దయచేసి మమ్మల్ని ఆ పేరుతో పిలవొద్దు. బిడ్డలంటే పెద్దలు నిర్ణయించేదాకా ఆగేవాళ్లు. మేం ఓటర్లం, పట్టాదారులం, కూలీలం, టీచర్లం. చెంచులకు అడవి గురించి తెలిసింది పుట్టుకతో వచ్చింది కాదు, తరాల పని. ఏ గడ్డ ఏ నెలలో తవ్వాలి, తేనెపట్టులో ఎంత తీయాలి, ఏ లోయలో ఎండాకాలం నీళ్లు ఉంటాయి, ఇవన్నీ ఇంజనీరు చదువులాగా నేర్చుకున్నవి.

యురేనియం ఆగింది, చెంచులను తరలించే మాట ఆగలేదు. పులుల కోసమని కోర్ ఏరియాలోని ఊళ్లను ఖాళీ చేయించే పని నడుస్తోంది. సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి. కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీని 10 లక్షల నుంచి 15 లక్షలకు పెంచారు. పోతామని మనస్ఫూర్తిగా చెప్పేవాళ్లను ఆపే హక్కు మాకు లేదు. రోడ్డు లేదు, దవాఖాన లేదు, బడి లేదు, పిల్లలకు పెళ్లిళ్లు కావడం లేదని వాళ్లు చెప్పేది నిజం. అయితే రోడ్డు, దవాఖాన, బడి లేకుండా ముప్పై ఏళ్లు ఉంచి, ఆ తర్వాత ‘మీరే పోతామంటున్నారు కదా’ అంటే దాన్ని సమ్మతి అందామా?

ఇక్కడే పర్యావరణం పేరుతో మాట్లాడేవాళ్లను నిలదీయాలి. అదే అడవిలో యురేనియం సర్వేకు 2016లో రాష్ట్ర వన్యప్రాణి బోర్డే సిఫారసు చేసింది. నాలుగు వేల బోర్లకు చెదరని పులి చెంచు పొయ్యి పొగకు చెదురుతుందా? హైమన్‌డార్ఫ్ అనే ఆయన అమ్రాబాద్ పీఠభూమిలో చెంచులతో ఉండి 1943లో పుస్తకం అచ్చువేశాడు. అప్పటికి ఈ అడవికి పులుల అభయారణ్యం అనే పేరే లేదు. పులులూ ఉన్నాయి, చెంచులూ ఉన్నారు. 2019లో బోరు లారీలకు అడ్డం నిలబడింది పులి కాదు, అక్కడి మనుషులు. ఆ మనుషులను బయటికి పంపేస్తే రేపు లారీ వచ్చినప్పుడు అడ్డం నిలబడేదెవరు? అడవి ఖాళీ అయితే ఎవరికి లాభమో కూర్చొని ఆలోచించండి.

వాతావరణ మార్పు సంగతి చూద్దాం. అణు కరెంటు బొగ్గులాగా పొగ వదలదు, భూమి వేడెక్కకుండా ఆపాలంటే యురేనియం కావాలి అని చదువుకున్నవాళ్లు చెబుతారు. పొగ గురించిన మాటలో నిజముంది, కాదనం. కానీ లెక్క రియాక్టరు దగ్గర మొదలుపెట్టి రియాక్టరు దగ్గరే ఆపేస్తారు. గని, బురద చెరువు, దాని పక్క బావి లెక్కలోకి రావు. ‘మీకు కరెంటు వద్దా’ అని అడుగుతారు. మేం కరెంటు కోసం ఇప్పటికే ఒక నదిని ఇచ్చాం. సాగర్ ప్రధాన పవర్‌హౌస్ సామర్థ్యం 815 మెగావాట్ల పైన. శ్రీశైలం ఎడమగట్టుది 900. ఇది చాలదని దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు కరెంటు ప్లాంటు కట్టారు. దానికి నాలుగు వేల ఎకరాలకు పైగా అటవీ భూమి పోయింది. అడవి పక్క తండాల మేకలు ఇప్పుడు ఎక్కడ మేస్తున్నాయో ఎవరూ అడగరు. ఒకవైపు పొగ కక్కే బొగ్గు, ఇంకోవైపు పొగ లేదని చెప్పే యురేనియం. రెండిటికీ భూమి మా దగ్గరే దొరుకుతుంది. ఆ రెండిటి మధ్యలో కూర్చొని మా పిల్ల ‘ఫ్యాను కట్టేద్దాం, భూమిని కాపాడుదాం’ అని ప్రతిజ్ఞ చదవాలి.

ఇప్పుడు గేటు సంగతికి వద్దాం. 2003లో లంబాపూర్ జనం కోపం రికార్డు ఎక్కడానికి ఒక చట్టబద్ధమైన జాగ ఉంది, ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నోటిఫికేషన్ ప్రకారం దానికి 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. ఎన్ని లోపాలున్నా, కలెక్టరు ముందు, కెమెరా ముందు తండా ఆడమనిషి మైకు పట్టుకొని మాట్లాడగలిగే చోటు అదొక్కటే. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులను, కీలక ఖనిజాల గనులను ఆ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. దేశ రక్షణ, దేశ అవసరం అన్నారు. అంటే లంబాపూర్ మళ్లీ తెరిస్తే ఆ మైకు ఉండదు. శాసనసభ తీర్మానం తీర్మానమే, చట్టం కాదు. అప్పుడు డిపాజిట్, ఇప్పుడు మైకు. ఈ వార్త మీద ఎన్ని పర్యావరణ దినోత్సవ సభల్లో మాట్లాడతారో చూద్దాం.

మన బలహీనత ఇంకోటి చెప్పుకోవాలి. అమ్రాబాద్ వైపు ఐదో షెడ్యూలు ప్రాంతం. భూమి బదలాయింపు చట్టం, పెసా చట్టం అక్కడ వర్తిస్తాయి. 1997 సమతా తీర్పు అలాంటి ప్రాంతాల కోసమే వచ్చింది. నల్లగొండ జిల్లాలో షెడ్యూలు ప్రాంతం ఒక్క అంగుళం లేదు. పెద్దగట్టు, లంబాపూర్, చిత్రియాల తండాలకు ఆ గొడుగు లేదు. అందుకే ఇక్కడ అటవీ హక్కుల చట్టం ఒక్కటే మన చేతిలో ఉన్న కర్ర. 2006 నాటి ఆ చట్టాన్ని మనవాళ్లు పోడు పట్టా చట్టంగానే చూస్తారు. పట్టా కోసం ఫారం నింపి, పట్టా వస్తే పెట్టెలో పెట్టి మూత వేస్తారు. దానిలో ఐదో సెక్షన్ చదివినవాళ్లు ఎంతమంది? అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను, వాటికి నీళ్లు చేరే పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఉందని ఆ సెక్షన్ చెబుతుంది. అధికారం అనే మాట గట్టిగా చదవండి. మూడో సెక్షన్ చెంచుల్లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు ఇచ్చింది. నాలుగో సెక్షన్ ప్రకారం అభయారణ్యం నుంచి ఎవరినైనా కదిలించాలంటే గ్రామసభ ముందే తెలుసుకొని, స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒక్కొక్క ఇంటికి పోయి వేలిముద్ర తీసుకుంటే చాలదు.

పెద్ద ప్రచార సంస్థలు ‘సముద్రాలను కాపాడండి, నదులను కాపాడండి’ అని సంతకాలు సేకరిస్తాయి. పెట్టండి, మేమూ పెడతాం. కానీ మాకు కావాల్సిన ప్రచారం ఐదో సెక్షన్ నుంచి మొదలయ్యేది. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత మన తండాలు ఎన్నో సొంత గ్రామపంచాయతీలయ్యాయి. ‘మా తండాల మా రాజ్యం’ అన్నది ఇన్నేళ్ల అడుగుడు. రాజ్యం వచ్చింది, సర్పంచ్ కుర్చీ వచ్చింది. గ్రామసభ రిజిస్టరులో మాత్రం సిమెంటు రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపం తప్ప నీటి వనరు అనే మాట కనిపించదు. మన ఊరి చుట్టూ ఉన్న కుంటలు, ఒర్రెలు, చెలిమెల జాగలు, ఎండాకాలం ఆగని ఊటలు ఎన్ని? వాటి పేర్లు లంబాడి భాషలో ఏమిటి, చెంచుల నోట ఏమిటి? ఆ పేర్లు ముసలోళ్లతోపాటు పోతున్నాయి. రిజిస్టరులో రాసి లేనిదాన్ని ‘ఖాళీ జాగ’ అని రాసుకోవడం రెవెన్యూ వాళ్లకు ఒక పూట పని.

టీచర్లకు ఒక మాట. ‘మేం ప్రభుత్వ ఉద్యోగులం, మాకెందుకీ గొడవ’ అనే మాట స్టాఫ్‌రూముల్లో వింటున్నాం. ధర్నాకు కూర్చోమని ఎవరూ అడగడం లేదు. పార్లమెంటు చేసిన చట్టాన్ని తెలుగులో చదివి వినిపించడం ఏ సర్వీసు రూలుకూ విరుద్ధం కాదు. పిల్లలతో ఊరి నీటి పటం గీయించడం పరిసరాల విజ్ఞానం పాఠమే. ఏ బోరులో ఏ నెలలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఏడో తరగతి పిల్లలు నోటుబుక్కులో రాస్తే, మూడేళ్లకు అది ఏ కన్సల్టెంటూ కాదనలేని కాగితం అవుతుంది. లంబాపూర్ లాంటి చోట గని రాకముందు నీళ్లు ఎలా ఉన్నాయో రాసిపెట్టిన లెక్క లేకపోతే, వచ్చిన తర్వాత ‘మీ నీళ్లు మొదటినుంచీ ఇంతే’ అంటారు. ఫ్లోరైడ్ ఉన్న జిల్లాలో ఆ మాట చెప్పడం మరీ సులువు.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్లో నల్లమల ఫొటోకు గుండె గుర్తు పెడుతున్నారు. పెట్టండి, తర్వాత ఊరికి రండి. గ్రామసభకు పెద్దవాళ్లలో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. పత్తి ఏరే రోజుల్లో పెడితే ఎవరూ రారు, తీజ్ పండుగ ముందు పెడితే వలసపోయినవాళ్లు కూడా ఉంటారు. సభ లంబాడి భాషలోనే జరగనీయండి, తీర్మానం తెలుగులో రాయండి. అందులో మన నీటి వనరుల పేర్లు, వాటి హద్దులు, వాటికి నీళ్లు పారే గుట్టల పేర్లు ఒక్కొక్కటిగా రావాలి. ఐదో సెక్షన్ కింద వాటిని కాపాడే కమిటీ వేసుకున్నామని, మా సమ్మతి లేకుండా అక్కడ బోరు వేయడానికి, తవ్వడానికి, కంచె కట్టడానికి ఒప్పుకోమని రాయాలి. రాయడం రాని ఊళ్లకు మేం సెలవు రోజుల్లో వచ్చి రాసిపెడతాం. మూడు కాపీలు తీయాలి. ఒకటి ఆర్డీఓ ఆఫీసుకు, ఒకటి అటవీ రేంజి ఆఫీసుకు. మూడోదాని మీద ముట్టినట్టు ముద్ర, తారీఖు వేయించుకొని పంచాయతీ బీరువాలో పెట్టి, దాని ఫొటో ఊళ్లో ప్రతి ఫోనులో ఉంచాలి.